దాచి ఉంచిన ఆకు, దాచి ఉంచిన నెత్తురు



సారు పేరు నా వెనక బ్యానర్ మీద ఉంది. కానీ ఈ ఊళ్లో బైపీసీ చదివిన రెండు తరాలకు ఆయన బాటనీ సారు. నేనూ అలాగే పిలుస్తాను. నన్ను మొక్కల చదువులోకి రమ్మన్నారు. నేను వైద్యం వైపు వెళ్లి, చివరికి సూక్ష్మజీవుల శాస్త్రంలో స్థిరపడ్డాను. ఆయనకు అది నచ్చలేదేమోనని చాలాకాలం అనుకున్నాను. తర్వాత ఒకసారి కలిసినప్పుడు, ‘ఏదైతేనేం, గుర్తుపట్టే పనేగా’ అన్నారు. ఈ ఉపన్యాసం ఆ మాటకు వివరణ అనుకోండి.

ఆర్కిడ్లూ కాలేయపు వాపు కలిగించే వైరస్‌లూ ఒకే ఉపన్యాసంలో ఎందుకని ఆహ్వానపత్రం చూసినవాళ్లు కొందరు అడిగారు. మొదటిది సారు ప్రాణం పెట్టి వెతికినది. రెండోది ఆయన ప్రాణం తీసినది. ఈ మాట చెప్పడానికి కుటుంబ సభ్యుల అనుమతి తీసుకున్నాను. అంతకు మించిన సంబంధం కూడా ఉంది. కొత్త పువ్వునైనా కొత్త వైరస్‌నైనా గుర్తించాలంటే తెలిసినవాటన్నిటితో పోల్చి చూడాలి, వాటిలో ఏదీ కాదని తేల్చాలి, ఆ నమూనాను రేపు ఇంకొకరు వచ్చి సరిచూసుకునేలా భద్రం చేయాలి. మొదటి రెండు పనులూ చేసే తెలివిగల పిల్లలు మన నంద్యాల జిల్లాలో ఎప్పుడూ ఉన్నారు. మూడోదానికే మనకు చోటు లేదు.

ముందు పువ్వు సంగతి చెబుతాను. నల్లమలలో పాత చెట్ల కొమ్మల మీద వాండా టెసలేటా అనే ఆర్కిడ్ పెరుగుతుంది. మనవాళ్లు బదనిక అంటారు. ఇదే పేరుతో ఇంకో మొక్కనూ పిలుస్తారు. అది మామిడి కొమ్మల్లోకి వేరు దించి రసం పీల్చే పరాన్నజీవి. ఆర్కిడ్ అలా కాదు. చెట్టును ఆసరాగా మాత్రమే వాడుకుంటుంది. బెరడును పట్టుకుని వేలాడే దాని లావుపాటి తెల్లని వేర్లు వానలోనూ మంచులోనూ తడిని పీల్చుకుంటాయి. చెట్టును చంపేస్తుందని పొరబడి తోటల్లో దీన్ని పీకి పారేసేవాళ్లను చూస్తే సారుకు కోపం వచ్చేది.

దీని పువ్వును ఆయన చూపించే తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. ఐదు రేకులు. లోపలివైపు పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు మీద గోధుమరంగు గళ్లు, వెనక్కి తిప్పితే తెలుపు. ఆరోది పెదవి, దానిది ఊదా రంగు. మామూలు పువ్వులో కేసరాలు వేరు, కీలం వేరు. ఆర్కిడ్‌లో ఆ రెండూ కలిసిపోయి నడిమధ్య ఒకే పొట్టి స్తంభంలా నిలబడతాయి. సారు గుండుసూది మొనను ఆ స్తంభం కొసన ఆనించి మెల్లగా పైకి లేపేవారు. చిన్న టోపీ ఊడి పడేది. సూదికి రెండు పసుపుపచ్చని పుప్పొడి ముద్దలు అతుక్కుని వచ్చేవి, వాటి కింద పలచని కాడ, కాడ అడుగున జిగురు బిళ్ల. తేనెటీగ ఒంటికి అంటుకునేది ఈ బిళ్లే. పుప్పొడి ముద్దలు ఎన్ని, కాడ ఎంత పొడవు, పెదవికి తోక ఉందా లేదా, ఉంటే అది నిటారుగా ఉందా వంగిందా... ఆర్కిడ్ జాతులు విడిపోయేది ఇలాంటి చోటే. ఆకు చూసి ఆర్కిడ్‌కు పేరు పెట్టేవాణ్ణి ఆయన నమ్మేవారు కాదు.

ఈ పువ్వును శాస్త్రలోకానికి మొదట పరిచయం చేసింది తెలుగు నేలే. స్కాట్లండ్ నుంచి వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1781లో సామర్లకోట చేరి, అక్కడ తోట పెంచి, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795లో వెలువడటం మొదలైన ఆయన గ్రంథంలో ఈ ఆర్కిడ్ ఉంది. అప్పుడు దాన్ని ఎపిడెండ్రం ప్రజాతిలో చేర్చాడు. తర్వాతివాళ్లు వాండాలోకి మార్చారు. రెండు శతాబ్దాల్లో పేరు మారినా ఏ మొక్క గురించి మాట్లాడుతున్నామో తడబాటు రాలేదు. ఆయన వేయించిన బొమ్మా, రాసిన వర్ణనా ఇంకా ఉన్నాయి మరి.

కొత్త జాతి అని ప్రకటించడం ఎంత కష్టమో పిల్లలకు చెప్పాలి. అడవిలో ఇంతకుముందు చూడని పువ్వు కనిపించగానే అది కొత్తది అయిపోదు. గాంబుల్, ఫిషర్‌లు 1915 నుంచి 1936 దాకా రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపద తిరగేయాలి. మన కొండల మీదే జె.ఎల్. ఎల్లిస్ రాసిన నల్లమలల వృక్షసంపద రెండు సంపుటాలు, 1987, 1990లలో వచ్చినవి, చూడాలి. కోయంబత్తూరు, కలకత్తా హెర్బేరియంలలోని ఎండు నమూనాలతో సరిపోల్చాలి. అవసరమైతే లండన్‌లోని క్యూ తోట దాకా రాసి కనుక్కోవాలి. ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష తోడైంది. అయినా డీఎన్ఏ వరసను పోల్చడానికి కూడా సరిగా పేరు పెట్టి దాచిన నమూనా ఒకటి ముందే ఉండాలి. ఇదంతా అయ్యాక పేరు పెట్టి, వర్ణన ప్రచురించి, ఏ మొక్కను చూసి రాశారో ఆ మొక్కనే టైప్ నమూనాగా ఒక హెర్బేరియానికి అప్పగించాలి. అది లేకపోతే పేరు చెల్లదు.

హాబెనేరియా ఆర్కిడ్లతో చిక్కు ఇంకా ఎక్కువ. ఇవి నేల మీద పెరిగేవి. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలో దుంపగా ఉంటాయి. వానలు పడ్డాక ఆకు, ఆ వెంటనే పువ్వు, కొద్ది వారాల్లో మళ్లీ మాయం. ఆ వారాల్లో అడవిలో లేనివాడికి ఆ మొక్క లేనట్టే. పువ్వును కాగితాల మధ్య ఒత్తితే పెదవి తీరు చెడిపోతుంది, అందుకని ఒకటి రెండు పువ్వులను స్పిరిట్ సీసాలో వేసి పెట్టాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నేల నుంచి ఇలా పట్టుకున్న కొత్త జాతి ఒకటుంది, హాబెనేరియా రామయ్యానా. 1980ల తొలినాళ్లలో రాంచారి గారూ క్యూ శాస్త్రజ్ఞుడు వుడ్ కలిసి ప్రకటించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యులు రామయ్య గారి పేరు దానికి నిలిచింది. గురువు పేరు పువ్వుకు పెట్టిన ఆ శిష్యుణ్ణి తలచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

దేశంలో 1,256 ఆర్కిడ్ జాతులున్నాయని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 2019లో లెక్కగట్టింది. లెక్కలోకి రానివి ఎక్కడున్నాయి? అందరూ అడవి వైపు చూపిస్తారు. 2010లో బెబ్బర్, ఆయన సహచరులు వెలువరించిన పరిశోధన ఇంకో జవాబు చెప్పింది. కొత్త పూల మొక్కల జాతుల్లో, సేకరించిన ఐదేళ్లలోపే గుర్తింపు పొందినవి 16 శాతమే. దాదాపు నాలుగో వంతు జాతులను యాభై ఏళ్లు దాటిన ఎండు నమూనాల నుంచి పట్టుకున్నారు. ఎవరో ఎప్పుడో కోసి, ఎండబెట్టి, ఊరూ తేదీ రాసి బీరువాలో పెట్టారు. దాని విలువ తెలిసినవాడు తర్వాతి తరంలో పుట్టాడు.

ఇప్పుడు కాలేయం దగ్గరికి వద్దాం. ఇక్కడా నేను చెప్పబోయేది ఇలాంటి బీరువా కథే.

పచ్చకామెర్లు అనగానే మనకు తెలిసింది కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, అన్నం సయించకపోవడం. లక్షణాలు చూసి ఏ వైరస్ వల్ల వచ్చిందో ఎంత అనుభవమున్న వైద్యుడూ చెప్పలేడు. ముఖ్యమైన వైరస్‌లు ఐదు. ఎ, ఇ నీటి ద్వారా, ఆహారం ద్వారా వస్తాయి. బి, సి నెత్తుటి ద్వారా వస్తాయి. తల్లి నుంచి బిడ్డకూ రావచ్చు. బి అయితే లైంగిక సంబంధం ద్వారా కూడా సోకుతుంది. డి అనేది బి ఉన్నవాళ్లకే పట్టుకుంటుంది. ఎ, ఇ చాలామందిలో వాటంతటవే తగ్గిపోతాయి. బి, సి లోపలే తిష్ఠవేసి, ఏ లక్షణమూ చూపకుండా ఏళ్ల తరబడి ఉండి, చివరికి సిరోసిస్‌గానో కాలేయ క్యాన్సర్‌గానో బయటపడతాయి.

1955 చివర్లో ఢిల్లీలో జరిగినది వైద్య విద్యార్థులందరికీ తెలిసి ఉండాలి. వరదకు యమున ప్రవాహం మారి, నజఫ్‌గఢ్ మురుగు వెనక్కి తన్ని, వజీరాబాద్ దగ్గర నగరానికి తాగునీరు తీసుకునే చోటికి చేరింది. ప్రమాదం పసిగట్టి క్లోరిన్ పెంచారు. దానితో టైఫాయిడ్ లాంటివి చెలరేగలేదు, బాక్టీరియా చచ్చిపోయింది. వైరస్ చావలేదు. డిసెంబరు, జనవరి నెలల్లో దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. గర్భిణులు ఎక్కువగా చనిపోయారు. నీటి వల్ల వచ్చింది కాబట్టి ఇప్పుడు మనం హెపటైటిస్ ఎ అంటున్నదే అనుకుని పుస్తకాల్లో రాసుకున్నారు. పాతికేళ్లు అలాగే ఉండిపోయింది.

1973లో ఫైన్‌స్టోన్, కపికియన్, పర్సెల్ హెపటైటిస్ ఎ వైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. దాంతో ఎ అవునా కాదా అని చెప్పే పరీక్ష వచ్చింది. ఢిల్లీ రోగుల రక్తసారం కొంత అప్పటికీ భద్రంగా ఉంది. అమెరికాలో పర్సెల్ బృందమూ, పుణె జాతీయ వైరస్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులూ కలిసి ఆ నమూనాలనూ, అహ్మదాబాద్, పుణెలలో తర్వాత వచ్చిన కామెర్ల నమూనాలనూ పరీక్షించి 1980లో ఫలితం ప్రకటించారు. అది ఎ కాదు, బి కూడా కాదు. కశ్మీర్‌లో 1978లో చెలరేగిన కామెర్లను పరిశీలించిన ఖురూ కూడా అదే సంవత్సరం అదే మాట అన్నాడు. 1983లో సోవియట్ శాస్త్రజ్ఞుడు బలయాన్ రోగుల మలం నుంచి తీసిన ద్రావణాన్ని తానే తాగి, కామెర్లు తెచ్చుకుని, తన మలంలోనే ఆ వైరస్ కణాలను చూపించాడు. 1990లో దాని జన్యువులు చదివారు. అదే హెపటైటిస్ ఇ.

ఢిల్లీలో ఆ రోగుల చేతి నుంచి నెత్తురు తీసి, సీసా మీద పేరూ తేదీ రాసి, గడ్డకట్టే చలిలో పెట్టినవాళ్లకు ఇదంతా తెలియదు. హెపటైటిస్ ఇ అనే మాటే అప్పటికి లేదు. అయినా దాచారు. నాకు వాళ్ల మీద అపారమైన గౌరవం.

బి కథ కూడా దాచిన నెత్తుటి కథే. బరూచ్ బ్లంబర్గ్ మనుషుల మధ్య నెత్తుటి ప్రోటీన్లలో తేడాలు వెతుకుతూ దేశదేశాల నుంచి రక్తసారాలు పోగేశాడు. ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తసారం న్యూయార్క్‌లో ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్న హిమోఫీలియా రోగి రక్తసారంతో చర్య జరిపింది. 1965లో ప్రచురించినప్పుడు అది ఒక కొత్త ప్రతిజనకం, అంతే. హెపటైటిస్‌తో దాని సంబంధం రెండేళ్ల తర్వాత తేలింది. 1976లో నోబెల్ వచ్చింది. సి విషయంలో హార్వీ ఆల్టర్, ఎ కాదు బి కాదు అని తేల్చిన రోగుల నమూనాలను ఏళ్ల తరబడి కాపాడుకున్నాడు. 1989లో హౌటన్ బృందం లక్షల క్లోన్లలో వెతికి ఆ వైరస్‌కు చెందిన ఒక్కదాన్ని పట్టుకున్నాక, అది నిజమో కాదో తేల్చినవి ఆ నమూనాలే. ఈరోజు హెపటైటిస్ సి మూడు నెలల మాత్రలతో నూటికి తొంభై ఐదు మందికి పైగా పూర్తిగా నయమవుతోంది.

మొక్కలూ వైరస్‌లూ ఒకే చోట కలిసిన సందర్భం ఒకటుంది. మన ఊళ్లలో కామెర్లకు పసరు అనగానే ముందు తలుచుకునేది నేల ఉసిరి. వాన పడగానే చేలగట్ల మీద, ఇంటి గోడ వారన మొలుస్తుంది. చిన్న రెమ్మ తిప్పి చూస్తే ఆకుల కింద వరసగా ఆవగింజల్లాంటి కాయలు. మన దేశపు మొక్కకు ఫిల్లాంథస్ నిరూరి అని పుస్తకాల్లో చాలాకాలం రాశారు. నిజానికి నిరూరి అమెరికా ఖండాల మొక్క. మనది ఎక్కువగా ఫిల్లాంథస్ అమారస్. పక్కనే పెరిగే చుట్టాలు ఇంకా ఉన్నాయి. భూతద్దంతో పువ్వు చూస్తే అమారస్‌కు రేకుల్లాంటి రక్షకపత్రాలు ఐదు, ఫ్రాటర్నస్‌కు ఆరు. యూరినేరియా కాయ గరుకుగా ఉండి కొమ్మకు అంటుకున్నట్టే ఉంటుంది. పచారీ కొట్లో కొన్న ఎండు నేల ఉసిరిలో ఇవన్నీ కలిసే వస్తాయి.

1987లో బ్లంబర్గ్, ఆయనతో పనిచేసిన వెంకటేశ్వరన్, మిల్‌మన్ ఈ మొక్క సారం బి వైరస్‌ను అడ్డుకుంటోందని ప్రయోగశాలలో చూపారు. ఆ వ్యాసంలో మొక్క పేరు నిరూరి. మరుసటి ఏడు మద్రాసు విశ్వవిద్యాలయంలో త్యాగరాజన్ బృందం రోగులకిచ్చి లాన్సెట్‌లో రాసింది. ఆ వ్యాసంలో పేరు అమారస్. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో బి ప్రతిజనకం కనిపించకుండా పోయింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే. ప్రపంచమంతా ఆశపడింది. థాయ్‌లాండ్‌లో మళ్లీ చేసి చూస్తే అలాంటి ఫలితం రాలేదు. తర్వాతి పరిశీలనలు కూడా బి వైరస్‌ను ఇది తొలగిస్తుందని నిరూపించలేకపోయాయి. మొక్క వేరేదా, నేల వేరా, అసలు మొదటి ఫలితమే నిలవదా? ఏ చోట, ఏ నెలలో కోసిన ఏ మొక్కను పొడి చేశారో ప్రతిసారీ ఒక నమూనా భద్రపరిచి ఉంటే ఈ వాదన సగం తగ్గేది.

ఇక సారు సంగతి. ఉద్యోగంలో ఉండగానే ఒకసారి ఆయనకు కామెర్లు వచ్చాయి. నేల ఉసిరి తనే కోసుకొచ్చుకున్నారు. మొక్కను గుర్తించడంలో ఆయన పొరబడే మనిషి కాదు, సిసలైన అమారస్సే తెచ్చి ఉంటారు. కామెర్లు తగ్గాయి, పసరు పనిచేసిందనుకున్నారు. ఆ తగ్గడం మందు వల్లనో, వ్యాధి తీరే అంతో అప్పుడెవరూ చూడలేదు. రక్తపరీక్ష చేయించమని ఇంట్లోవాళ్లూ అడగలేదు, ఆయనకూ తోచలేదు. రిటైరయ్యాక కొన్నేళ్లకు పొట్టలో నీరు చేరింది. అప్పుడు తెలిసింది హెపటైటిస్ బి అని, అప్పటికే కాలేయం గట్టిపడిపోయిందని. మొక్కను ఐదు రేకులా ఆరు రేకులా అని లెక్కపెట్టి పట్టుకున్న మనిషి ఒంట్లో ఉన్నదాన్ని ఎవరూ పేరు పెట్టి పట్టుకోలేదు. నాకు తీరని బాధ ఇదే.

ఇవాళ ఆ పరిస్థితి ఉండనక్కర్లేదు. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ మన దేశపు మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను తెచ్చింది. సామాన్యుడికి అందని ధరలో ఉన్న విదేశీ టీకా స్థానంలో తెలుగువాళ్లు చేసిన ఈ టీకా వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు పుట్టిన ప్రతి బిడ్డకూ ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. మొదటి మోతాదు పుట్టిన 24 గంటల లోపు పడాలి. పుట్టుకలోనే సోకిన పిల్లల్లో నూటికి తొంభై మందికి జబ్బు శాశ్వతంగా నిలిచిపోతుంది, పెద్దవాళ్లలో అయితే ఐదుగురికి లోపే. అందుకే ఆ మొదటి రోజు అంత ముఖ్యం. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైంది. అది బ్లంబర్గ్ పుట్టినరోజు. బి, సి లకు పరీక్షలూ మందులూ అందులో ఉచితం. ఇంత ఉన్నా 2022 నాటికి మన దేశంలో బి ఉన్నవాళ్లు సుమారు 2 కోట్ల 98 లక్షలు, సి ఉన్నవాళ్లు 55 లక్షలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు.

ఈ సభ ముందు నా విన్నపాలు మూడు. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది, 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, గడప దాటితే నల్లమల ఉంది. ఇక్కడి కళాశాలల్లో ఏదో ఒకటి ముందుకొచ్చి చెద పట్టని బీరువాలు నాలుగు, ఎండబెట్టే ఏర్పాటు, ఒక బాధ్యుణ్ణి కేటాయించి జిల్లా హెర్బేరియం మొదలుపెట్టాలి. సారు సేకరించిన ఎండు మొక్కల కట్టలు ఇంట్లో అటక మీద ఉన్నాయి, ఇవ్వడానికి కుటుంబం సిద్ధంగా ఉంది. వాటిలో ఏముందో తేల్చేవాడు ఇప్పుడు ఇంటర్ చదువుతుండవచ్చు. రెండోది, ఎక్కడైనా పదిమందికి ఒకేసారి కామెర్లు వస్తే నీటి నమూనా, రక్తపు నమూనా తీసి, వివరం రాసి దాచే అలవాటు వైద్య కళాశాల చేసుకోవాలి. గర్భిణులున్న ఇళ్లకు ముందుగా కబురు వెళ్లాలి, నీళ్లు కాచి తాగమని చెప్పాలి.

మూడోది విద్యార్థులకూ వాళ్ల అమ్మానాన్నలకూ. అడవిలో ఆర్కిడ్ కనిపిస్తే పీకి ఇంటికి తేకండి, బతకదు. ఫొటో తీసి, చోటూ తేదీ రాసి మీ అధ్యాపకులకు ఇవ్వండి. ఇంట్లో ఎవరికి కామెర్లు వచ్చినా, పసరు తాగాలనుకున్నా సరే, ముందు రక్తం పరీక్షకు ఇవ్వండి. బి, సి పరీక్షలు ఒక్కసారైనా ఇంటిల్లిపాదీ చేయించుకోండి. ఈ హాలు బయట వైద్య కళాశాల విద్యార్థులు బల్ల వేసుకుని కూర్చున్నారు. వెళ్లేముందు అక్కడ మీ పేరు ఇచ్చి, రక్తం ఇచ్చి వెళ్లమని సారు తరఫున కోరుతున్నాను.